తలకిందుల బాతు దగ్గర

జనవరి 6

తమ్ముడికి,

ఈ ఉత్తరం నీకు చేరుతుందో లేదో అని మొదటి అక్షరం రాయకముందే భయం పట్టుకుంది. నీ ఇంటి నంబరు నా దగ్గర రెండు చోట్ల రెండు రకాలుగా రాసి ఉంది. కొత్త సిరాతో ఉన్నదాన్నే నమ్మాను. ఒకవేళ అందకపోతే ఆ సంగతి వెంటనే నాకు రాయి.

ఫోను చెయ్యవచ్చు కదా అంటుంది మా అమ్మాయి. ముప్పై నాలుగేళ్ళు ప్రెస్సులో యంత్రాల పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్నవాడితో ఫోనులో ఏం మాట్లాడతాను? పోయినసారి నేను ఒంట్లో ఎలా ఉందని మూడుసార్లు అడిగితే, నువ్వు మూడుసార్లూ ఇక్కడా ఎండగానే ఉందన్నావు. నేను చదివింది నాలుగో తరగతి, రెండు పేజీలు రాస్తే మెడ పట్టేస్తుంది, అయినా ఉత్తరమే నయం.

అసలు సంగతి చెబుతాను. మొన్న అమ్మాయి పేపరు చదివి వినిపించింది. మన చిన్నప్పుడు నాన్న పనిచేసిన అడవి గుళ్ళు ఉన్నాయి కదా, వాటిలో మధ్య గుడి దక్షిణం గోడ విప్పి మళ్ళీ కడతారట. గతంలో తప్పుగా అమర్చిన రాళ్ళను సరిచేస్తారని రాశారు. వానలు పడేలోగా పని అయిపోవాలట. అది విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఆ తప్పు రాయి ఎవరి పనో ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఒకదాన్ని నేను.

నీకు అప్పుడు ఆరేళ్ళు, నాకు పదకొండు. కూలిన గోడల రాళ్ళకు నాన్న తెల్లరంగుతో నంబరు వేసేవాడు. పక్కన ఒక బాణం, ఏ వైపు పైకి రావాలో మేస్త్రీలకు తెలియడానికి. మధ్యాహ్నం మనం అన్నం డబ్బా తీసుకెళ్ళాం. నాన్న చేతులు కడుక్కోవడానికి వాగుకు వెళ్ళి వచ్చేలోగా నువ్వు కుంచె పట్టుకుని ఒక రాయి వెనకవైపు బాణం గీసేశావు, కిందికి. రాయి నిండా నాచు, దాని మీద ఏం బొమ్మ ఉందో ఎవరికీ కనపడలేదు. మేస్త్రీలు బాణాన్ని నమ్మి కట్టేశారు. మొదటి పెద్ద వానకు నాచు కొట్టుకుపోయింది. చూస్తే, పదమూడు బాతుల వరసలో తొమ్మిదోది కాళ్ళు పైకి పెట్టుకుని ఉంది. నాన్న ఎవరికీ చెప్పలేదు. ఆ గోడ పక్కనుంచి వెళ్ళాల్సి వస్తే తల వంచుకుని నడిచేవాడు. నిన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు. చూసుకోలేదని నన్ను కొట్టాడు.

ఆ బాతును నిలబెట్టేస్తారు, తమ్ముడూ. ఆలోగా ఒక్కరోజు మనిద్దరం వెళ్ళి చూసివద్దామా? పొద్దున గుళ్ళు, తర్వాత పక్కనున్న ఊళ్ళో మన పాత వీధి. నీకు అటునుంచి నాలుగు గంటల ప్రయాణం, నాకు ఇటునుంచి నాలుగున్నర. ఒకరింటికి ఒకరు రమ్మని పిలుచుకుని పద్నాలుగేళ్ళయింది, అందుకే ఇళ్ళ ఊసు ఎత్తడం లేదు. అమ్మ పోయిన మర్నాడు వచ్చావు నువ్వు. గుమ్మంలో అందరి ముందూ నేనొక మాట అన్నాను. నువ్వు వచ్చిన బస్సుకే తిరిగి వెళ్ళిపోయావు. ఆ మాట గురించి కాగితం మీద రాయడం నాకు చేతకాదు. అందుకే కలుద్దామంటున్నాను. నాకు డెబ్బై ఒకటి వచ్చాయి.

మఫ్లరు లేకుండా బయట తిరగకు.

నీ గాభరా అక్క


జనవరి 15

అక్కా,

ఉత్తరం అందింది. నువ్వు నమ్మిన నంబరు తప్పు. మా పోస్ట్‌మ్యాన్ మంచివాడు.

నాలుగు విషయాలు చెప్పాలి. మొదటిది, అది బాతు కాదు, హంస. అరవై ఏళ్ళుగా చెబుతున్నాను, నువ్వు వినవు. చెవులు పోయింది నాకా నీకా? రెండోది, బాణం నేను కిందికి గియ్యలేదు. నేను కూర్చున్న వైపు నుంచి అది పైకే. మూడోది, ఇక్కడ ఎండలు దంచేస్తున్నాయి, మఫ్లరు కట్టుకుని వీధిలోకి వెళ్తే పిల్లలు వెంటపడతారు. నీ ఉత్తరం చదివి నీ మరదలు నిజంగానే మఫ్లరు వెతికి తెచ్చింది. మీ ఇద్దరూ కలవకుండా ఉండడమే నాకు మంచిది.

నాలుగోది, వస్తాను.

గుమ్మంలో అన్న మాట గురించి ఏమీ రాయక్కర్లేదు. అక్కడా చెప్పక్కర్లేదు. కాసేపు కూర్చుందాం, అంతే. నా ఎడమచెవి ఇంకా పూర్తిగా పోలేదు. ఆ పక్కన దగ్గరగా కూర్చుని మాట్లాడితే సగం వినపడుతుంది. నువ్వు చెప్పిందే నాలుగుసార్లు చెబుతావు కాబట్టి సగం చాలు.

రోజు నువ్వే చెప్పు. నీ రోజుల సంగతి నాకు తెలియనిది కాదు. బడి గంట ఎనిమిదిన్నరకు కొడితే ఏడున్నరకే అని చెప్పి నన్ను వీధంతా పరుగెత్తించేదానివి. నీ పెళ్ళికి తేదీ ఒకరోజు ముందుకు జరిపి రాశావు, నేను వచ్చేసరికి కుర్చీలు కూడా దించలేదు. వీడు నత్త, ఉన్నది ఉన్నట్టు చెబితే రాడు అని అమ్మతో అంటుంటే విన్నాను. అప్పుడు చెవులు బాగానే ఉండేవి.

వీధి చివర నూనె మిల్లు ఇంకా ఉందంటావా? దాని గోడకు చెవి ఆనించి నిలబడితే పళ్ళు కదిలేవి. యంత్రాల పిచ్చి నాకు అక్కడే అంటుకుంది.

ఇట్లు,
నత్త


జనవరి 22

తమ్ముడికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకుని, నాలుగోసారి నేనే చదువుకున్నాను. వస్తానన్న ముక్క దగ్గర వేలు పెట్టుకుని కూర్చుంటే, కాఫీ చల్లారిపోయిందని అమ్మాయి కోప్పడింది.

ఫిబ్రవరి 11, మంగళవారం. పొద్దున పది గంటలకు. బాతు దగ్గర. మంగళవారం అని మళ్ళీ రాస్తున్నాను. కింద గీత కూడా గీశాను చూడు. మంగళవారమే.

ఇంక నా భయాలు. ఆ దారిలో జలగలుంటాయి, ప్యాంటు మేజోళ్ళలోకి దోపుకో. కోతులుంటాయి, చేతిలో సంచి ఆడించుకుంటూ నడవకు. మధ్య గుడి మెట్లు మన చిన్నప్పుడే అరిగిపోయి ఉన్నాయి, ఇప్పుడు ఇంకెలా ఉన్నాయో. నీ మోకాళ్ళ సంగతి నాకు తెలియదు, నావైతే ఎక్కేటప్పుడు ఊరుకుంటాయి, దిగేటప్పుడు ఏడిపిస్తాయి. ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఉందో లేదో కనుక్కోమని అమ్మాయిని పోరితే, ఫోనులో వెతికి ఉందని చెప్పింది. శుభ్రంగా ఉందా అని అడిగితే అక్కడినుంచి లేచి వెళ్ళిపోయింది.

నువ్వు బస్సులో నిద్రపోయి దాటి వెళ్ళిపోతావేమోనని ఇంకో భయం. కండక్టరుకు ముందే చెప్పుకో. కళ్ళద్దాలు చొక్కా జేబులో పెట్టుకోవడం కాదు, కళ్ళకు పెట్టుకో. నన్ను గుర్తుపట్టాలి కదా. జుట్టు పూర్తిగా తెల్లబడింది, నడుము కొంచెం వంగింది. నీలం చీర కట్టుకుంటాను. నీ మీసం ఉందా, తీసేశావా? రాయకపోయినా ఫరవాలేదు, ఆ బాతు దగ్గర పొద్దున పది గంటలకు నిలబడే ముసలివాడు ఇంకెవడుంటాడు?

ఇద్దరికీ పనికొచ్చే వస్తువు ఒకటి తయారుచేస్తున్నాను. ఏమిటో రాయను. పెట్టెలో ఎర్రదారం చాలకపోతే కొనుక్కొచ్చాను.

దేవుడి దయవల్ల ఆ రోజు వాన పడకూడదు. ఫిబ్రవరిలో వానేమిటి అంటుంది అమ్మాయి. ఎప్పుడూ పడలేదా ఏం?

మంగళవారం కోసం చూస్తూ,
అక్క


ఫిబ్రవరి 13

తమ్ముడికి,

క్షేమంగా ఇంటికి చేరాను. నువ్వు అడగలేదు, అయినా రాస్తున్నాను.

రాత్రంతా నిద్రపట్టక నాలుగింటికే తయారై కూర్చున్నాను. అమ్మాయి బస్సెక్కించింది. తొమ్మిదింపావుకే గుళ్ళ దగ్గర దిగాను. టికెట్ల కిటికీ అప్పటికి ఇంకా తెరవలేదు. తెరిచాక, ఒకటా రెండా అని అడిగింది లోపలి అమ్మాయి. రెండు అన్నాను. నువ్వు వచ్చి వరసలో నిలబడితే కాళ్ళు నొప్పెడతాయని. నీ టికెట్టు కాపలాదారు చేతిలో పెట్టి, ఒక పెద్దమనిషి వస్తాడు, పిలిస్తే పలకడు, చెవులు వినపడవు, చెయ్యి పట్టుకుని ఇవ్వు అని చెప్పాను.

దారి బాగుచేశారు. జలగలు లేవు. మొదటి గుడి మీద ఆ పెద్ద చెట్టు అలాగే కూర్చుని ఉంది. అప్పుడు దాని వేళ్ళు ద్వారం పక్కన సన్నగా దిగి ఉండేవి, మనం వాటి సందులోంచి దూరేవాళ్ళం. ఇప్పుడు నా చెయ్యి కూడా పట్టదు. రాళ్ళను చెట్టు పట్టుకుందో, చెట్టును రాళ్ళు పట్టుకున్నాయో చెప్పలేం. రెంటిలో ఏది తీసినా రెండోది పడిపోతుందని అక్కడ బోర్డు పెట్టారు.

రెండో గుడి వెనక నీడలో, నాన్న వేసిన నంబర్లు కొన్ని ఇంకా కనపడుతున్నాయి. వెలిసిపోయాయి, అయినా కనపడుతున్నాయి. నాలుగు అంకె మీద టోపీ పెట్టినట్టు చిన్న గీత గీసేవాడు చూడు, ఆ టోపీ కూడా ఉంది. ఎవరూ లేనప్పుడు దాని మీద చెయ్యి పెట్టాను. రాయి చల్లగా ఉంది. నువ్వు వచ్చాక మళ్ళీ ఇద్దరం కలిసి చూద్దామని ఎక్కువసేపు నిలబడలేదు.

పదికి పది నిమిషాలు ఉందనగా బాతు దగ్గరకు చేరాను. కాళ్ళు పైకే ఉన్నాయి. ఎదురుగా ఉన్న బండ మీద, నేను కుట్టి తెచ్చిన మెత్త వేసుకున్నాను. అదే నీకు చెప్పని వస్తువు. ఆసుపత్రి దుప్పట్ల గదిలో ముప్పై ఏళ్ళు చిరుగులు కుట్టిన చేతులు కదా, నా పాత చీరలూ, మీ బావగారి చొక్కాలూ ముక్కలు చేసి పొడుగ్గా కుట్టాను, ఇద్దరు పక్కపక్కన కూర్చునేలా. ఎడమచెవి అన్నావని నీకు కుడివైపు వదిలి, నేను ఎడమవైపు కూర్చున్నాను.

పదకొండయింది. నత్త కదా అనుకున్నాను. పన్నెండయింది. ఒక గైడు పదిమందిని వెంటబెట్టుకొచ్చి బాతును చూపించాడు. వెయ్యేళ్ళ కిందట ఈ గుడి కట్టిన మహాశిల్పి తనకు గర్వం రాకూడదని కావాలనే ఈ ఒక్క తప్పు చేశాడట. వాళ్ళంతా అవునవునని తలలూపి ఫోటోలు తీసుకున్నారు. మహాశిల్పి. ఆరేళ్ళవాడు, ముక్కు కారుతూ. నాకు నవ్వాగలేదు. నీతో చెప్పి నవ్వుదామని పక్కకు తిరిగాను. మెత్తలో సగం ఖాళీగా ఉంది.

ఒంటిగంటన్నర దాకా ఉన్నాను. ఒకవేళ తిన్నగా ఊళ్ళోకి వెళ్ళావేమోనని ఆటో ఎక్కి వెళ్ళాను. ఆ కంగారులో మెత్త బండ మీదే మరిచిపోయాను. మన వీధికి సిమెంటు పోశారు. నూనె మిల్లు లేదు, ఆ చోట ఫోను కవర్ల కొట్టు ఉంది. మన ఇంటి కింది భాగం క్షౌరశాల అయింది. మీద గది అలాగే ఉంది, పచ్చ కిటికీతో. మా తమ్ముడు ఇటు వచ్చాడా, నాలాగే ముక్కు ఉంటుంది, అని ఆ క్షౌరశాల అతన్ని అడిగాను. పాపం కుర్చీ వేశాడు, నీళ్ళిచ్చాడు. రాలేదన్నాడు.

అయిదింటి బస్సుకు తిరిగొచ్చాను. దారి పొడుగునా ఒకసారి, నీకేమైనా జరిగిందేమో అనిపించేది. ఇంకోసారి, ఏమీ జరగలేదు, నా మీద కోపంతో రాలేదంతే అనిపించేది. రెంటిలో ఏది నయమో నాకే తెలియలేదు. నీకు నత్త అని పేరు పెట్టింది నేనే. కానీ ఆలస్యం వేరు, రాకపోవడం వేరు.

ఒంట్లో బాగుంటే ఒక్క ముక్క రాయి. బాగున్నానని చాలు.

అక్క


ఫిబ్రవరి 13

అక్కకు,

నిన్న బుధవారం వెళ్ళి వచ్చాను. నువ్వు మంగళవారం అని నాలుగుసార్లు రాసి కింద గీత కూడా గీస్తే, అది బుధవారమని నాకు అర్థం కాదా? చిన్నప్పటి నుంచి నీ లెక్కకు ఒక రోజు కలుపుకునే కదా వస్తున్నాను. ఈసారి ఇంకా జాగ్రత్తపడ్డాను. చీకటితో బయల్దేరి తొమ్మిదిన్నరకే చేరాను. పుట్టిన తర్వాత మొదటిసారి నేను ముందు వచ్చాను. చూసి నువ్వు ఏమంటావో అని దారంతా అదే ఆలోచన.

గేటు దగ్గర కాపలాదారు నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పాడు, టికెట్టులాంటిది చూపించాడు. చెయ్యి పట్టుకున్నాడంటే డబ్బులు అడుగుతున్నాడనుకుని విదిలించుకుని, కిటికీ దగ్గర వేరే కొనుక్కుని లోపలికి వెళ్ళాను.

హంస ఎదురుగా బండ మీద ఎవరో పొడుగు మెత్త మరిచిపోయి వెళ్ళారు. దాని మీద కూర్చున్నాను. మెత్తగా ఉంది, నడుముకు హాయిగా ఉంది. నువ్వు వస్తే నీకూ చోటుంటుందని ఒక పక్కకు జరిగి కూర్చున్నాను. ఒక గైడు వచ్చి హంసను చూపిస్తూ పెద్ద కథే చెప్పాడు. నాకు ఒక్క ముక్క వినపడలేదు. అందరూ తలలూపుతుంటే నేనూ ఊపాను. తీరా వెళ్ళేటప్పుడు వాళ్ళు నావైపు చూసి నవ్వారు, నేనూ నవ్వాను. నువ్వుంటే చెవిలో చెప్పేదానివి కదా అనుకున్నాను.

మూడయ్యాక మెత్త కాపలాదారుకు ఇచ్చి, మరిచిపోయినవాళ్ళు వస్తే ఇవ్వమని చెప్పి ఊళ్ళోకి వెళ్ళాను. మన ఇంటి కింద క్షౌరశాల ఉంది. గడ్డం చేయించుకున్నాను, ఆ వంకన కాసేపు లోపల కూర్చోవచ్చని. గడ్డం గీస్తున్నంతసేపూ అతను నా ముక్కుకేసి చూస్తూ ఏదో ఆపకుండా చెబుతూనే ఉన్నాడు. మొహం నిండా సబ్బు. ఊఁ అన్నాను.

అక్కా, నువ్వు రాలేదు. వస్తావన్న నమ్మకం లేకపోతే వచ్చేవాణ్ణే కాదు. ఎదురుచూడడం ఎలా ఉంటుందో నాకు తెలియాలని కూర్చోబెట్టావేమో అనిపించింది. అమ్మ ఎదురుచూసినట్టు. అదే అయితే, తెలిసింది. ఇక మనం ఉత్తరాల్లో బాగున్నాం, ఇలాగే ఉందాం.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 19

తమ్ముడూ,

ఆ మెత్త నాదేరా.

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను, అమ్మాయి భయపడి బ్లడ్ ప్రెజర్ మిషను తెచ్చింది. నా ఉత్తరం ఈపాటికి నీకూ అందే ఉంటుంది. నేను కూర్చున్న బండ మీదే కూర్చున్నావు, నేను కుట్టిన దాని మీద, నాకు చోటు వదిలి. మూలన ఎర్రదారంతో టోపీ పెట్టిన నాలుగు అంకె కుట్టాను, నాన్నది. చూసి ఉండవు. కళ్ళద్దాలు చొక్కా జేబులోనే ఉండి ఉంటాయి. కాపలాదారు చూపించింది నేను కొన్న టికెట్టు. క్షౌరశాల అతను సబ్బు పూసి చెప్పింది నా సంగతే. ఊరంతా కలిసి నీకు చెబుతూనే ఉందిరా, నేను వచ్చి వెళ్ళానని.

మంగళవారం మంగళవారమే. అమ్మాయికి కళ్ళద్దాల షాపులో సెలవు ఆ రోజే, నన్ను బస్సెక్కించాలి కదా. ఈ ఒక్క ముక్క రాసి ఉంటే నీకు తెలిసేది. రాయలేదు. జలగల గురించి రాశాను.

నీకు ఇంకొకటి తెలియదు. అమ్మ పోయాక నేను ఎవరికీ ఒకరోజు ముందుకు జరిపి చెప్పలేదు. బస్సు ఎనిమిదికైతే ఎనిమిదికే అని చెబుతున్నాను. ఎన్ని అబద్ధాలాడి లాక్కొచ్చినా వాడు చివరికి రానే రాలేదు, ఇంక ఎందుకు ఈ అబద్ధాలు అనుకుని మానేశాను. అది నీకు ఎప్పుడూ చెప్పలేదు. మనం మాట్లాడుకుంటే కదా.

ఇది రాస్తుంటే చెయ్యి ఆగిపోయింది. పొయ్యి మీద పాలు పొంగిపోయినా లేవలేదు.

ఆ రోజు మీ ప్రెస్సుకు ఫోను చేసి, అమ్మకు బాగాలేదు, గురువారానికల్లా రమ్మని మీ ఫోర్‌మ్యాన్‌తో చెప్పించాను. డాక్టరు గురువారం దాటదన్నాడు. అది నిజమైన గురువారం. అమ్మ సాయంత్రం దాకా తలుపుకేసి చూస్తూనే ఉంది. నువ్వు శుక్రవారం పొద్దున వచ్చావు. నేను గుమ్మంలో నిలబడి, "నత్తకు తల్లయినా ఒకటే, తలుపయినా ఒకటే" అన్నాను.

నువ్వు గుమ్మంలోంచే వెనక్కి తిరిగావు.

తమ్ముడూ, ఆ గురువారానికి కూడా నువ్వు ఒక రోజు కలుపుకున్నావా?

అక్క


ఫిబ్రవరి 27

అక్కా,

నీ ప్రశ్నకు జవాబు రాయకూడదని అయిదు రోజులు ఊరుకున్నాను. నీ మరదలు రోజూ కాగితం తెచ్చి ముందు పెడుతోంది. రాయకపోతే మీ అక్క ఇంతకంటే ఘోరంగా ఊహించుకుంటుంది, ఆమె సంగతి నీకు తెలియదా అంటోంది. అది నిజమే.

కలుపుకున్నాను.

ఫోర్‌మ్యాన్ చెప్పగానే, అక్క గురువారమంటే శుక్రవారం అని లెక్క వేసుకున్నాను. చేతిలో ఉన్న పని ముగించి వెళ్ళవచ్చనుకున్నాను. గుమ్మంలో నీ మొహం చూశాకే తెలిసింది. ఆ మాట అన్నప్పుడు, ఇదీ సంగతి అని చెప్పడానికి నోరు తెరిచాను కూడా. చెబితే ఏమవుతుంది? అమ్మ దగ్గర పదకొండు నెలలు కూర్చున్నదానివి నువ్వు. నీ అలవాటు వల్లే నేను రాలేకపోయానని తెలిస్తే, నువ్వు ఇక ఒక్క పూట అన్నం తినవు. ఉన్న గాభరాలు చాలవా నీకు? నత్త అన్న పేరు నాకు ఎలాగూ ఉంది. అదే మోసుకుని వెళ్ళిపోయాను.

ఇప్పుడు విను. తప్పు నీది కాదు. నువ్వు ఒక రోజు ముందు చెప్పడం నా కోసం. ఆ రోజు కలుపుకోవడం నాకు నేనుగా నేర్చుకున్నది. అమ్మ విషయంలో కూడా కలుపుకున్నానంటే, అది నా బద్ధకం. బాణం నేనే గీశాను, రాయిని అనకు.

మెత్త చాలా బాగుంది. నీదని తెలిసి ఉంటే కాపలాదారుకు ఇచ్చేవాణ్ణి కాదు. నిన్న కుర్చీలో కూర్చుంటే గట్టిగా అనిపించింది.

హంసను తిప్పడం మొదలుపెట్టారో ఏమో. మళ్ళీ ఒక రోజు రాయి. ఈసారి నువ్వు ఏది రాస్తే అదే. ఒకటి కలపను, ఒకటి తియ్యను.

నత్త


మార్చి 11

తమ్ముడికి,

ఈ ఉత్తరం మా ఇంటి నుంచి రాయడం లేదు. కవరు మీద ముద్ర చూసి కంగారుపడకు.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నువ్వు అనుకున్నట్టే అన్నం మానేశాను. మూడో రోజు ఆకలేసి తిన్నాను. తింటుంటే ఒకటి తట్టింది. పద్నాలుగేళ్ళు నువ్వు ఆ పేరు మోసింది నేను అన్నం తినాలని కదా, మానేస్తే నీ కష్టమంతా వృథా అని. గుమ్మంలో నేను అన్న మాట తప్పు, తమ్ముడూ. నన్ను క్షమించు. ఇదిగో, రాశాను. చేతకాదనుకున్నాను కానీ నాలుగో తరగతి సరిపోయింది.

ఆ తర్వాత, కలిసే రోజు ఏదో రాద్దామని కూర్చున్నాను. సోమవారమా, బుధవారమా, నెల మొదటా, చివరా. ఏది రాసినా నాకు భయమే. నువ్వు కలపవని నాకు తెలుసు. అయినా బస్సు చెడిపోతే? నీకు జ్వరం వస్తే? మధ్యాహ్నం దాకా రాసి కొట్టేసి, సంచి సర్దుకున్నాను. నన్ను ఒక్కదాన్నే పంపడానికి అమ్మాయి ఒప్పుకోలేదు. నీళ్ళ సీసాలు, మందులు, రెండు జతల చెప్పులతో దిగబెట్టి వెళ్ళింది. వెళ్తూ, అమ్మా ఇన్నేళ్ళుగా రైలుకు రెండు గంటలు ముందు వెళ్ళేదానివి, ఇప్పుడు ఏకంగా తారీఖే లేకుండా ముందు వచ్చేశావు అంది.

క్షౌరశాల మీద గది అద్దెకు తీసుకున్నాను. మనం నలుగురం వరసగా పడుకున్న గది. పచ్చ కిటికీ గొళ్ళెం అప్పటిలాగే సరిగ్గా పడదు, కాగితం మడిచి దోపాను, అమ్మ చేసినట్టు. కింద కత్తెర చప్పుడు వినపడుతుంటుంది. క్షౌరశాల అతను నిన్ను బాగా గుర్తుపెట్టుకున్నాడు. అంత శ్రద్ధగా విన్నవాణ్ణి ఇంతవరకూ చూడలేదట.

రోజూ పొద్దున ఆటోలో గుళ్ళకు వెళ్తున్నాను. కాపలాదారు మెత్త దాచి ఉంచాడు, మరిచిపోయినవాళ్ళకు ఇవ్వమని ఒక పెద్దాయన చెప్పాడట. గోడ అటు చివర నుంచి విప్పుతున్నారు. పని చూసే ఇంజనీరమ్మ మా అమ్మాయి కంటే చిన్నది, తలకు టోపీ, చేతిలో సుద్ద. మొదటి రెండు రోజులూ చూసి, మూడో రోజు నా దగ్గరకొచ్చి రోజూ ఎందుకు కూర్చుంటున్నారని అడిగింది. చెప్పేశాను. అరవై ఏళ్ళ తర్వాత నాన్న ఉద్యోగానికి వచ్చే ముప్పేమీ లేదు కదా. మహాశిల్పి సంగతి చెప్పాను, ముక్కు సంగతితో సహా. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. రాయి వెనక బాణం ఇంకా ఉంటుంది, అది చూడాలి అంది. ఆ రాయి తీసేటప్పుడు కొత్త నంబరు వెయ్యాలి, కొత్త బాణం గియ్యాలి, మీ తమ్ముడు వస్తాడా అని అడిగింది.

వస్తాడన్నాను.

"ఎప్పుడొస్తారు?"

"చెప్పలేనమ్మా. మా వాడికి రోజు చెప్పకూడదు," అన్నాను.

సుద్దతో ఆ రాయి మీద ఒక గుర్తు పెట్టింది. అయితే తొమ్మిదోదాన్ని చివరికి ఉంచుతాను, చుట్టుపక్కలవి ముందు కానిస్తాను అంది. కుంచె కూడా నీకే ఇస్తానంది. ఈసారి పక్కన నేను నిలబడతాను. నువ్వు కూర్చున్న వైపు నుంచి కాదు, గోడ వైపు నుంచి చూసి గియ్యాలి.

కాబట్టి నీకు ఏ రోజూ రాయడం లేదు. కలుపుకోవడానికీ తీసెయ్యడానికీ అక్కడ ఏమీ ఉండదు. నువ్వు బస్సు దిగిన రోజే ఆ రోజు. తొమ్మిదిన్నర నుంచి నాలుగు దాకా అక్కడే ఉంటాను, ఆ తర్వాత ఈ గదిలో. జలగల భయం లేదు, మఫ్లరు అక్కర్లేదు. మరదలినీ తీసుకురా, చోటు సరిపోతుంది, ఆమె పక్కన నేను సర్దుకుంటాను.

నిన్న గైడు మళ్ళీ వచ్చాడు. మహాశిల్పి కథ చెబుతుంటే నవ్వొచ్చి, అలవాటుగా కుడివైపు తిరిగాను. ఖాళీగానే ఉంది. ఈసారి కంగారుపడి లేవలేదు. సంచి అటు జారితే తీసి ఒళ్ళో పెట్టుకున్నాను, నీ సగం మీద పెట్టలేదు.

బాతు దగ్గర నుంచి,
అక్క